అందరి వైద్యం ఖర్చూ ప్రభుత్వమే పెట్టుకోవాలా? ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ నుంచి నా సమాధానం

అడిగినాయన ప్రశ్న క్లుప్తంగా ఇది. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం, అమ్మానాన్నలతో కలిపి ఇంట్లో ఐదుగురు, ఏటా సొంత డబ్బుతో హెల్త్ ఇన్సూరెన్స్ కడుతున్నారు. "నా పన్నులతో అందరికీ ఉచిత వైద్యం ఎందుకివ్వాలి? ఎవరి ఇన్సూరెన్స్ వాళ్లు కొనుక్కుంటే సరిపోదా? ఇచ్చినా ప్రభుత్వాసుపత్రి గడప తొక్కేదెవరు?" అన్నారు. చివర్లో ఇంకో చిన్న ప్రశ్న: నాన్నగారికి 71 ఏళ్లు, ప్రీమియం బాగా పెరిగింది, ఆపేయనా అని.

ఇవ్వాలి అనే నా సమాధానం. అందరికీ ఇవ్వాలి, పన్నుల డబ్బుతోనే ఇవ్వాలి. అయితే ఇప్పుడు ఇస్తున్న పద్ధతి తలకిందులుగా ఉంది. మనం పెద్ద ఆపరేషన్ దగ్గర మొదలుపెట్టాం, బీపీ మాత్ర దగ్గరికి ఇంకా సరిగ్గా రాలేదు. మాత్ర దగ్గర మొదలుపెట్టి ఆపరేషన్ దాకా వెళ్లాలన్నది నా వాదన.

నేను డాక్టర్ని కాదు. మొదట విజయవాడ సూర్యారావుపేటలో, తర్వాత గుంటూరు కొత్తపేటలో ప్రైవేటు ఆసుపత్రుల బిల్లింగ్‌లో, ఇన్సూరెన్స్ డెస్కులో పనిచేశాను. ఆరోగ్యశ్రీ రాకముందు రోజులూ, వచ్చాక రోజులూ రెండూ కౌంటర్ ఇవతల నుంచి చూశాను. ఆ ముందు రోజుల సంగతి ఇప్పటి పిల్లలకి తెలియదు. గుండె ఆపరేషన్ అని డాక్టర్ చెప్పగానే మా దగ్గరికొచ్చి అడిగే మొదటి మాట "అడ్వాన్సు ఎంత కట్టాలండీ?" అని. చెప్పాక వెళ్లిపోయేవాళ్లు. కొందరు సాయంత్రానికి డబ్బుతో తిరిగొచ్చేవాళ్లు. ఆ ఇల్లాలి మెళ్లో పొద్దున ఉన్న పుస్తెలతాడు సాయంత్రానికి పసుపుతాడు అయ్యేది. కొందరు మళ్లీ వచ్చేవాళ్లే కాదు. వాళ్ల ఓపీ చీటీ ఫైల్లో అలాగే ఉండిపోయేది. ఇంకా ఓపిక ఉన్నవాళ్లు ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని ముఖ్యమంత్రి సహాయనిధి కోసం హైదరాబాదు బస్సెక్కేవాళ్లు.

2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టి, తర్వాత రాష్ట్రమంతా విస్తరించారు. ఆ తర్వాత పథకం పేరు ప్రభుత్వంతోపాటు మారుతూ వచ్చింది, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. కౌంటర్లో మా ఫైలు మాత్రం మారలేదు: ప్రీ-ఆథ్ (చికిత్సకు ముందస్తు అనుమతి), ప్యాకేజీ (ఒక్కో చికిత్సకు ప్రభుత్వం కట్టిన ధర), క్లెయిమ్ (తర్వాత ఆ డబ్బు అడగడం). 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 25 లక్షల దాకా పెంచారు. 2025 సెప్టెంబరులో పేద, ధనిక తేడా లేకుండా అందరికీ వర్తించే కొత్త విధానానికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అంటే "ప్రభుత్వం ఇవ్వాలా వద్దా" అన్న చర్చకు మన రాష్ట్రంలో ఎప్పుడో తెరపడింది. ఇక మిగిలింది దేనికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నది.

మీ "నా పన్నులు" అన్న మాట దగ్గర కొంచెం ఆగుతాను. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగికి ఈహెచ్‌ఎస్ అనే ఆరోగ్య పథకం ఉంది. రైల్వే ఉద్యోగికి విజయవాడలో రైల్వే ఆసుపత్రి ఉంది. కేంద్ర ఉద్యోగికి అలాంటిదే సీజీహెచ్‌ఎస్ ఉంది. జీతం 21 వేల లోపు ఉన్న కార్మికుడికి ఈఎస్‌ఐ అనే బీమా ఉంది, యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. మీరు పాత పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్ కడుతుంటే మీ ప్రీమియం మీద పన్ను మినహాయింపు కూడా వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. వదులుకున్న పన్ను కూడా ఖజానా సొమ్మే కదా. ఏదో ఒక దారిలో ప్రభుత్వ సాయం అందని ఉద్యోగస్తుడు లేడు. ఆపరేషన్ దాకా రాకముందు అందనిదెవరికి? ఆటోనగర్‌లో నలుగురు పనిచేసే షెడ్డులో మెకానిక్‌కి. ఈఎస్‌ఐ చట్టం పదిమంది పనిచేసే చోటి నుంచే వర్తిస్తుంది, అతని షెడ్డు దానికి చిన్నది. అతనూ పన్ను కడతాడు. సబ్బు మీద కడతాడు, సెల్‌ఫోన్ రీఛార్జి మీద కడతాడు, డీజిల్ మీద కడతాడు. ఆ పన్నుల్లోంచే మనందరి మినహాయింపులూ వస్తున్నాయి.

ఇక అసలు విషయం. ఆ మెకానిక్‌నే తీసుకుందాం. ఇలాంటివాళ్లు మా కౌంటర్‌కి లెక్కలేనంత మంది వచ్చారు, కాబట్టి ఇది ఏ ఒక్కరి కథా కాదు. నలభై దాటాక తల బరువుగా ఉంటోందని ఆర్‌ఎంపీ (డిగ్రీ లేని స్థానిక వైద్యుడు) దగ్గరికి వెళ్తాడు. బీపీ ఉందని ఆయన మాత్ర రాస్తాడు. మనవాడు నెల్లాళ్లు వాడతాడు. తల తేలికపడుతుంది, మానేస్తాడు. మనం దాన్ని నిర్లక్ష్యం అంటాం. అతని లెక్క వేరు. సూర్యారావుపేటలో ఫిజీషియన్‌కి చూపించుకోవాలంటే ఒక పూట పని పోతుంది. ఓపీ ఫీజు, రక్తపరీక్ష, ఈసీజీ, నెలకు సరిపడా మందులు అన్నీ కలిపితే రెండు మూడు రోజుల కూలి. నొప్పి లేని జబ్బుకి ఆ ఖర్చు ఎవరు పెడతారు? పిల్ల ఫీజు కట్టాలి, చిట్టీ కట్టాలి, ఇంటద్దె కట్టాలి. బీపీ ఆగుతుంది, అవి ఆగవు.

కొన్నేళ్లకు కాళ్లు వాచి, ఆయాసంతో వస్తాడు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేస్తారు. అప్పటికి కిడ్నీలు పోయుంటాయి. ఆ రోజు నుంచి ప్రభుత్వం అతని చేయి పట్టుకుంటుంది. వారానికి రెండు మూడుసార్లు ఉచితంగా డయాలసిస్. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి నెలకు 10 వేల రూపాయల పింఛను. బతికున్నంత కాలం. ఇందులో ఒక్క రూపాయి తగ్గించినా నేను ఒప్పుకోను. కానీ అతనికి పదేళ్లపాటు బీపీ మాత్ర ఇంటికి తెచ్చిచ్చి, ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష చేయించి, మానేసినప్పుడు ఎందుకు మానేశావని ఒక నర్సు అడిగి ఉంటే అయ్యే ఖర్చు ఈ డయాలసిస్‌లో కొద్ది నెలల ఖర్చుకు మించదు. ఆ మనిషి ఇంకా షెడ్డులో పనిచేస్తూ ఉండేవాడు. షుగర్ వాళ్లదీ ఇదే దారి. కాలి వేలి మీద పుండుతో మొదలై, వేలు తీసి, పాదం తీసి, మోకాలి కింద దాకా వస్తుంది. ప్రతి కోతకీ ప్యాకేజీ ఉంది. పుండు పడకుండా చూడ్డానికి ప్యాకేజీ లేదు.

ఇది మన రాష్ట్రం లోపం ఒక్కటే కాదు. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ కార్డు కూడా 5 లక్షల దాకా ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. తగ్గడం మంచిదే. కానీ ప్రతి వంద రూపాయల్లో దాదాపు నలభై ఇప్పటికీ జేబులోంచే పోతోంది, అందులో పెద్ద వాటా మందులది. ఆపరేషన్‌కి కార్డు ఉన్న ఇల్లు కూడా నెలనెలా మందుల షాపులో కరిగిపోతూ ఉంటుంది. ఆ అప్పు ఒక్కసారిగా కనబడదు కాబట్టి దాని మీద ఎన్నికల్లో ఎవరూ మాట్లాడరు.

"ఎవరి ఇన్సూరెన్స్ వాళ్లు కొనుక్కుంటే సరిపోదా" అన్నారు. నేను ఇన్సూరెన్స్ డెస్కులోనే ఉన్నాను కాబట్టి దీని గురించి నిదానంగా చెబుతాను. ప్రైవేటు పాలసీ ఆరోగ్యంగా ఉన్నవాడిని వెతుక్కుంటుంది, జబ్బు ఉన్నవాడు పాలసీని వెతుక్కుంటాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు "నాకెందుకులే" అని మానేస్తే, మిగిలినవాళ్ల ప్రీమియం పెరుగుతుంది. పెరిగేకొద్దీ ఇంకొంతమంది మానేస్తారు. అందుకే కంపెనీ కొన్ని తలుపులు మూసుకుంటుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకి కొన్నేళ్లు ఆగాలంటుంది (2024 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని నాలుగేళ్ల నుంచి గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించింది). చాలా పాలసీల్లో గది అద్దె మీద పరిమితి ఉంటుంది. మీ పాలసీ రోజుకు 4 వేల గదికి ఒప్పుకుని, మీరు 8 వేల గదిలో చేరారనుకోండి. కోత గది అద్దెలో మాత్రమే పడుతుందనుకుంటారు. అలా కాదు, డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీలతో సహా బిల్లులో చాలా భాగం అదే నిష్పత్తిలో సగానికి కోస్తారు. డిశ్చార్జి రోజు మా కౌంటర్ ముందు జరిగే గొడవల్లో పెద్ద భాగం దీనివల్లే. చదువుకున్నవాళ్లు, ఇంజనీర్లు, లెక్చరర్లు కూడా ఆ కాగితం పట్టుకుని దిక్కుతోచక నిలబడతారు. రోజుకూలీ చేసుకునే మనిషిని ఈ కాగితం చదివి కొనుక్కోమనడం న్యాయం కాదు.

ఇంకోటి. ఫ్రిజ్ కొనేటప్పుడు నాలుగు షాపులు తిరుగుతాం. గుండెనొప్పి వచ్చినవాడు తిరగలేడు. గుండె రక్తనాళం తెరిచి ఉంచే స్టెంటు ఒకటి పడాలా రెండు పడాలా అని వాదించే చదువు అతనికి లేదు, సమయం అంతకన్నా లేదు. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియని చోట మామూలు బజారు సూత్రం పనిచేయదని ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే రాశాడు. బజారు చేయలేనిది ప్రభుత్వం ఏం చేయగలదో 2017 ఫిబ్రవరిలో చూశాం. మందు పూసిన స్టెంటు అప్పటిదాకా రోగి బిల్లులో లక్ష దాటి పడేది. జాతీయ ఔషధ ధరల సంస్థ ఒక్క ఉత్తర్వుతో దాన్ని 29,600 రూపాయలకి, మామూలు స్టెంటుని 7,260కి కట్టడి చేసింది. ఆసుపత్రులు మూతపడలేదు. స్టెంట్లు వేయడం ఆగలేదు. కొనేవాళ్లందరి తరఫునా మాట్లాడే గొంతు ఒకటి ఉంటే ధర ఎంత దిగుతుందో ఆ నెలలో బిల్లులు వేసినవాళ్లందరికీ తెలుసు.

గుంటూరువాళ్లకి ఒక చరిత్ర చెప్పాలనిపిస్తోంది. 1883లో అమెరికా లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చారు. ఆడవాళ్లను మగ డాక్టర్లు తాకడానికి వీల్లేని రోజులు. ఆమె పట్టుబట్టి 1898లో ఆసుపత్రి కట్టించారు, 1930లో కన్నుమూసే వరకు ఇక్కడే ఉన్నారు. కుగ్లర్ ఆసుపత్రి పేరు వినని గుంటూరు కుటుంబం ఉండదు. అదే 1883లో జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం కార్మికులకు ఆరోగ్య బీమాను చట్టం చేసింది. ఒక చోట ఒక మనిషి దయ, ఇంకో చోట చట్టం. ఆ తల్లికి చేతులెత్తి దండం పెడతాను. కానీ దయ ఆసుపత్రి గుమ్మం దాకా రాగలిగినవాళ్లకే అందుతుంది, ఆ మనిషి ఉన్నంత కాలమే ఉంటుంది. చట్టం అడగలేనివాడి దగ్గరికి కూడా వెళ్తుంది. మన దేశంలోనూ 1946లో భోర్ కమిటీ ఇదే చెప్పింది. డబ్బు కట్టలేకపోవడం వల్ల ఎవరికీ తగిన వైద్యం అందకుండా పోకూడదన్నది ఆ నివేదిక మొదటి సూత్రాల్లో ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్న ఆలోచనకు పునాది అదే. స్వాతంత్ర్యం రాకముందు చెప్పిన మాట అది.

పేద దేశం ఎక్కడి నుంచి తెస్తుంది అంటారు. బ్రిటన్ 1948 జులై 5న అందరికీ వైద్యం మొదలుపెట్టినప్పుడు యుద్ధం అప్పుల్లో ఉంది, తిండికి రేషన్ ఉంది. థాయ్‌లాండ్ 1997 ఆర్థిక సంక్షోభంలో దెబ్బతిన్న నాలుగైదేళ్లకే, 2001లో, 30 బాత్ పథకం (వాళ్ల కరెన్సీలో 30 కడితే వైద్యం) పెట్టి 2002 కల్లా దేశమంతా విస్తరించింది. వాళ్ల పద్ధతి మనం చూసి నేర్చుకోదగ్గది. ఆపరేషన్‌కి ఇంత అని ఇవ్వడం కన్నా ముందు, జిల్లా స్థాయి ఆసుపత్రికీ దాని కింది ఆరోగ్య కేంద్రాలకీ నమోదైన మనిషికి ఏడాదికి ఇంత అని ఇచ్చారు. జనం ఆరోగ్యంగా ఉంటే ఆసుపత్రికి డబ్బు మిగులుతుంది. మన ప్యాకేజీ పద్ధతిలో జనం జబ్బుపడితేనే ఆసుపత్రికి డబ్బు వస్తుంది. పైగా థాయ్‌లాండ్ ఆ పథకానికి ముందు కొన్ని దశాబ్దాలపాటు జిల్లా ఆసుపత్రులు కట్టుకుంటూ, కొత్త డాక్టర్లను పల్లెల్లో పనిచేయించుకుంటూ వచ్చింది. కార్డు తర్వాత వచ్చింది, ఆసుపత్రి ముందు వచ్చింది.

మన ఖర్చు సంగతి. 2021-22లో కేంద్రం, రాష్ట్రాలు కలిపి ఆరోగ్యం మీద పెట్టింది జీడీపీలో 1.84 శాతం. అది కూడా కోవిడ్ ఏడాది. 2025 నాటికి 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానంలో మనమే రాసుకున్నాం. అమెరికా జీడీపీలో 17 శాతం దాకా ఖర్చు పెడుతుంది, అయినా అక్కడ రెండు కోట్లకు పైగా జనానికి ఏ బీమా లేదు. మన ఇళ్లలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు బీపీ మాత్రలు ఆర్నెల్లకి సరిపడా సూట్‌కేసులో సర్దుకుని వెళ్లేది అందుకే కదా.

ఇప్పుడు మీ మూడో మాట, ప్రభుత్వాసుపత్రికి ఎవరు వెళ్తారు అన్నది. దీనికి నిజాయితీగానే జవాబివ్వాలి. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో ఎలుకలు కొరికి పసిబిడ్డ చనిపోయింది. దాన్ని ఏ వాదనతోనూ కప్పలేం, కప్పకూడదు. మరుసటి ఏడాది, 2016లో, అదే జీజీహెచ్‌లో డాక్టర్ గోఖలే బృందం గుండె మార్పిడి చేసింది. రెండూ ఒకే ఆవరణలో జరిగాయి. డాక్టర్ల చేతిలో పనితనం ఉంది. ఊడ్చేవాళ్లు, నర్సులు, మరమ్మతులు, మందుల స్టోరు, వీటికి డబ్బూ పర్యవేక్షణా లేవు. పురుగుమందు తాగిన రైతునీ, పాము కరిచిన కూలీనీ, కాలిన గాయాలతో వచ్చిన ఆడమనిషినీ "మెడికో-లీగల్ (పోలీసులకు చెప్పాల్సిన) కేసు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అని ప్రైవేటువాళ్లు పంపించేస్తే, పల్నాడు నుంచి ప్రకాశం దాకా అందరినీ చేర్చుకునేది జీజీహెచ్. అత్యవసర వైద్యం ఇవ్వకపోవడం జీవించే హక్కుకు భంగమని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన వ్యవసాయ కూలీని ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి తిప్పిన పశ్చిమ బెంగాల్ కేసు అది.

కోవిడ్ రోజుల్లో విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో బెడ్ కోసం ఎవరెవరు సిఫార్సులు చేయించుకున్నారో మనకు తెలుసు. ఇప్పుడు మంగళగిరి ఎయిమ్స్ ఓపీ దగ్గర ఒక పొద్దున నిలబడి చూడండి. పది రూపాయల చీటీ కోసం ఆటోల్లో వచ్చినవాళ్లూ కార్లలో వచ్చినవాళ్లూ ఒకే క్యూలో ఉంటారు. మంచి వైద్యం దొరుకుతుందన్న నమ్మకం ఉంటే జనం వస్తారు, ప్రభుత్వం పేరు చూసి పారిపోరు.

"అందరికీ" అన్న మాట మీద నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఇక్కడే ఉంది. పేదవాళ్లకి మాత్రమే అని పెట్టిన చోట గొంతు ఉన్నవాళ్లు ఉండరు. జీజీహెచ్‌లో లిఫ్టు పాడైతే, స్కానింగ్ మిషన్ మూలన పడితే, అక్కడున్నవాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారు? ఒక లెక్చరర్ తల్లి, ఒక వ్యాపారి భార్య, ఒక విలేకరి తండ్రి అదే వార్డులో ఉంటే ఆ లిఫ్టు సాయంత్రానికి నడుస్తుంది. ధనవంతుడికి ఉచితం ఎందుకని కోపం వస్తుంది, అర్థం చేసుకోగలను. అతని దగ్గర పన్ను ఎక్కువ తీసుకోండి. వార్డులోకి మాత్రం రానివ్వండి. పైగా గీత గీసిన ప్రతిసారీ గీతకి ఒక్క అడుగు పైన ఉన్నవాడు నలిగిపోతాడు. ఏడాదికి 5 లక్షల ఆదాయం అని గీత పెడితే, 5 లక్షల 20 వేలు వచ్చే కిరాణా కొట్టాయన క్యాన్సర్ అనగానే కొట్టు అమ్ముకుంటాడు. అర్ధరాత్రి కాజువాలిటీలో నేను అడగాల్సి వచ్చిన ప్రశ్నల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది "కార్డు ఉందా?" అన్నదే.

పథకంలో జరిగే అన్యాయాల గురించి కూడా చెప్పకపోతే ఈ సమాధానం సగమే అవుతుంది. ప్యాకేజీ ఉన్న ఆపరేషన్ అవసరం లేకపోయినా జరుగుతుంది. గర్భసంచి తొలగింపులు ఎంత పెరిగాయో, ప్రైవేటు ఆసుపత్రుల్లో వాటి మీద ప్రభుత్వం ఎందుకు ఆంక్షలు పెట్టాల్సి వచ్చిందో ఆరోగ్యశ్రీ మొదటి ఏళ్లు చూసినవాళ్లకి గుర్తుంటుంది. ముప్ఫై ఐదేళ్లకే గర్భసంచి పోయిన ఆడవాళ్లు మన పల్లెల్లో ఇప్పటికీ కనబడతారు. ఇంకోవైపు ప్రభుత్వం డబ్బు సమయానికి ఇవ్వదు. బకాయిలు ఇవ్వకపోతే సేవలు ఆపేస్తామని పథకంలో చేరిన ప్రైవేటు (నెట్‌వర్క్) ఆసుపత్రుల సంఘం ప్రకటించిన వార్తలు మనం రెండు ప్రభుత్వాల కాలంలోనూ చదివాం. బకాయి పేరుకున్నప్పుడు ఆసుపత్రి లోపల ఏం జరుగుతుందో చెబుతాను. కార్డు రోగికి "బెడ్లు ఖాళీ లేవు" అని వస్తుంది. చేర్చుకున్నా ఏదో ఒక పరీక్ష పథకంలో లేదని డబ్బు కట్టించుకుంటారు. ప్రీ-ఆథ్ క్వెరీలకు జవాబు ఆలస్యం చేస్తారు. ఇది తప్పే. అలాగే ఆర్నెల్లు డబ్బు రాని చిన్న నర్సింగ్‌హోమ్ జీతాలు ఎక్కడి నుంచి ఇస్తుంది అన్నదీ నిజమే. కృష్ణా కాలువకి ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్ని నీళ్లు వదిలినా చివరి భూములకు చేరకపోతే నాట్లు పడవు. బడ్జెట్ ప్రసంగంలో వేల కోట్లు విన్నప్పుడల్లా నాకు ఆ చివరి భూములే గుర్తొస్తాయి. ఆరోగ్యం డబ్బును వేరే ఖాతాలో పెట్టి, ఇన్ని రోజుల్లో క్లెయిమ్ చెల్లించాలని, ఆలస్యమైతే వడ్డీ ఇవ్వాలని చట్టంలో రాయాలి. అది లేకుండా 25 లక్షలన్నా 50 లక్షలన్నా కార్డు మీద అంకె పెరుగుతుంది అంతే.

ఉచితమైతే జనం ఎగబడతారు, బ్రిటన్‌లో చూడండి అంటారు. అక్కడ వెయిటింగ్ లిస్టు 70 లక్షలు దాటిన మాట నిజం. మోకాలి మార్పిడికి నెలల తరబడి ఆగాలి. మన దగ్గర క్యూ లేదనుకోవడం మాత్రం పొరపాటు. ఇక్కడ డబ్బు లేనివాడు క్యూలోకే రాడు, ఇంట్లోనే ఉండిపోతాడు, కాబట్టి లెక్కలోకి రాడు.

మొదటి మెట్టు ఎంత అవసరమో మన గుంటూరే రెండుసార్లు చూపించింది. 2018 మార్చిలో ఆనందపేటలో మంచినీటి పైపుల్లో మురుగు కలిసి అతిసారంతో పదిమందికి పైగా చనిపోయారు. 2025లో గుంటూరు రూరల్ మండలం తురకపాలెంలో కొన్ని నెలల్లో ఇరవైకి పైగా మరణాలు నమోదయ్యాకే ఊరంతా పరీక్షలు జరిగాయి, మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు అనుమానం బయటికొచ్చింది. ప్రైవేటు ఆసుపత్రికి తన దగ్గరకొచ్చిన జ్వరం కేసు కనబడుతుంది, ఊరు కనబడదు. ఊరంతటినీ తన జాబితాలో పెట్టుకున్న ఒక డాక్టర్, ఒక ఏఎన్‌ఎం (ఊరి నర్సు), నెలలో నాలుగో చావు దగ్గరే ఆగి "ఇదేంటి" అని అడిగే మనిషి కావాలి. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ పద్ధతిని మొదలుపెట్టినప్పుడు నాకు చాలా ఆశ కలిగింది. ఊరి క్లినిక్, అక్కడ మందులు, డాక్టర్ నెలలో తప్పనిసరిగా రావడం. ఏ ప్రభుత్వం పెట్టింది అని చూడకుండా దాన్ని నిలబెట్టాలి. పట్టణాల్లో కూడా అలాగే, విజయవాడ వన్‌టౌన్ కొండ మీద ఇల్లున్న మనిషి మెట్లు దిగగానే బీపీ మాత్ర దొరికేలా ఉండాలి. కొత్తగా డబ్బు దొరికితే నేను మొదటి రూపాయి ఓపీ మందులకే పెడతాను, రెండోది పరీక్షలకి. కార్డు పరిమితి పెంచడం నా జాబితాలో చివరిది.

మీ నాన్నగారి పాలసీ సంగతి. ఆపేయకండి. నేను కోరుకునే పద్ధతి వచ్చేలోపు మీకు అదే దిక్కు, 71 ఏళ్లకి ఒకసారి వదిలేస్తే కొత్తది తీసుకున్నప్పుడు జబ్బులకు మళ్లీ ఆగాల్సి వస్తుంది. 60 దాటినవాళ్ల ప్రీమియం ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తమను సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో కంపెనీలను ఆదేశించింది. మీకు అంతకన్నా ఎక్కువ పెంచి ఉంటే రాతపూర్వకంగా కారణం అడగండి. 70 దాటినవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల దాకా ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు, ఆధార్ ఉంటే చాలు. మీ పాలసీలో గది అద్దె పరిమితి ఎంతో చూసి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫైలు పైన అంటించండి. చేర్పించే రాత్రి ఆ ఫైలు పట్టుకొచ్చేది మీరు కాకపోవచ్చు. నాన్నగారు మామూలుగా వెళ్లే ఆసుపత్రి వయ వందన జాబితాలో ఉందో లేదో 14555కి, రాష్ట్ర పథకంలో ఉందో లేదో 104కి ఫోన్ చేసి ఈ వారంలోనే కనుక్కోండి.